ముట్టని బెల్లం

చెరకు కొట్టాలి. గానుగ ఆడించాలి. పెనం తోమాలి. మబ్బు పట్టేలోగా బెల్లం దిమ్మలు పాకలోకి చేర్చాలి.

అన్నిటికన్నా ముందు ఆ జిలానీని ఊళ్లోంచి తరిమేయాలి.

చీడికాడ దగ్గరి రైతు అప్పలరాజు ఆ పొద్దున అనుకున్న పనులివి.

జిలానీది అనకాపల్లి. తెల్లబరిచే మందు కలపని నల్లబెల్లం కొని ఒడిశా సంతల్లో అమ్ముతాడు. కుంటుకుంటూ బెల్లం పొయ్యి దగ్గరికి రానే వచ్చాడు.

అప్పలరాజు భార్య దేముడమ్మ ఆనవాయితీగా వేడి బెల్లం ముక్క అందించింది.

"వద్దమ్మా," అన్నాడు ఎప్పటిలాగే.

పొయ్యి దగ్గర పెట్టిన బెల్లం కాదనడమంటే మొహాన ఉమ్మినట్టే.

"సూసేవా? మన బెల్లం మీద బతుకుతాడు, నోట్లో ఎయ్యడానికి ఈడికి నామోషీ!" అప్పలరాజు లేచాడు. "సాయిబూ, సెరుకు నాటేవా? పెనం కాడ ఒళ్లు కాల్సుకున్నావా? ఏటి సేత్తావని నీకు లాభం?"

"తీసుకెళ్లి అమ్ముతాను రాజూ."

"మొయ్యడానికి గాడిదైనా సాలు! మళ్లీ ఈ గట్టెక్కేవంటే ఉన్న కాలూ ఇరగ్గొడతాను."

జిలానీ కుంటుకుంటూ గట్టు దిగి వెళ్లిపోయాడు.

"పీడ పోయింది," అంది దేముడమ్మ.

వారాలు గడిచాయి. దిమ్మలు పాకలో పేరుకుపోయాయి. కొనేవాడు రాలేదు. చివరికి అప్పలరాజే వ్యాను మాట్లాడుకుని ఒడిశా సంతకు వెళ్లాడు.

దుకాణదారు దిమ్మను చూసి మొహం చిట్లించాడు. "జిలానీ ఏడీ?"

"ఆడెందుకు? సేసినోణ్ణి నేను."

"నువ్వెవరో మాకేం తెలుసు? ఈ నలుపు చూసి మావాళ్లు జడుస్తారు. ఏళ్ల తరబడి ఆయనే అందరి ముందూ మొదటి ముక్క కొరికేవాడు. ఆ తర్వాతే కొనేవారు."

"కొరికేవోడా? మా కాడ ముట్టనైనా ముట్టడే!"

వ్యాను వెనక్కి తిరిగింది. దారిలో వాన. టార్పాలిన్ కింద బెల్లం చెమర్చి కారసాగింది. అప్పలరాజు తిన్నగా అనకాపల్లిలో జిలానీ ఇంటి తలుపు తట్టాడు.

జిలానీ భార్య చాంద్‌బీ తలుపు తీసింది.

"ఆయన లేరు. మొన్న శుక్రవారం మట్టి చేసేం."

"ఏటైంది?"

"సుగరు. కాలి వేళ్లు తీసేసినప్పుడే బెల్లం ముట్టొద్దన్నాడు డాక్టరు. వింటేనా? 'నేను తినగలిగేది ఒక్క ముక్కేనే. అది పొయ్యి కాడే తినేత్తే, సంతలో ఏటి తినాలి? ఆళ్ల బెల్లం ఎలా అమ్మాలి?' అనేవోరు."

ఎప్పుడైనా నల్లబెల్లం ముక్క నోట్లో వేసుకుంటే, మీకన్నా ముందు దాన్ని కొరికిన జిలానీని ఒక్కసారి తలుచుకోండి.