లూసిల్ ఇంటి ఎర్రదీపం

లూసిల్ ఇంటి కిటికీలో ఎర్రదీపం వెలుగుతోంది. లోపల వెచ్చదనం బాగా పడిపోతే తప్ప ఆ దీపం వెలగదు. ట్రక్కులోంచి దాన్ని చూడగానే పక్కింటి అర్మాండ్ ఆమె వాకిట్లోనే బండి ఆపేశాడు. గడ్డకట్టిన సరస్సు మీద మూడు రోజులు చేపలు పట్టుకుని అప్పుడే తిరిగొస్తున్నాడు.

"చచ్చాన్రా దేవుడా!" అంటూ తాళం తీసి లోపలికి పరిగెత్తాడు.

వంటగదిలో పైపు పగిలింది. నేలంతా నీళ్లు పారి, పారినచోటే గడ్డకట్టాయి. గోడ పట్టుకుని జారుతూ జారుతూ నేలమాళిగలోకి దిగాడు. ఇంటిని వెచ్చబెట్టే బర్నరు ఆగిపోయి ఉంది. దాని ట్యాంకులో ఆయిలు సగానికి పైనే ఉంది. బర్నరు మీది బొత్తాం నొక్కితే గుర్రుమంది, దగ్గింది, ఆగిపోయింది. రెండోసారి నొక్కబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఊరికే నొక్కితే లోపల ఆయిలు చేరి, అంటుకున్నప్పుడు ఇల్లంతా మసైపోతుంది. ఊళ్లో అందరికీ ఆ మాట చెప్పేది తనే.

ఆయిలు వడకట్టే ఫిల్టరు విప్పాడు. నిండా నల్లటి బురద.

అర్మాండ్ అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. అక్టోబరులో, చలికాలం గడపడానికి ఫ్లోరిడా వెళ్లేముందు లూసిల్ బర్నరు చూడ్డానికి మెకానిక్కుని పిలుస్తానంది. "పక్కింట్లో నేనుండగా మెకానిక్కెందుకమ్మా? ఫిల్టరు మారుస్తా, నాజిలు మారుస్తా, రోజూ వచ్చి చూసిపోతా" అని తనే ఆపాడు. కొత్త ఫిల్టరు ఇప్పటికీ ట్రక్కు సీటు కిందే పడి ఉంది. రోజూ చూసిపోతానన్న మాట కాస్తా చేపల పాలైంది.

మంచుతుఫానుకు కరెంటు పోయిందని చెబితే? ఎవరు కనిపెట్టొచ్చారు? అనుకున్నాడో లేదో, తనమీద తనకే అసహ్యం వేసింది. డెబ్బయ్యేళ్లొచ్చి, నమ్మి తాళం చేతికిచ్చిన మనిషికి అబద్ధం చెప్పడమా! ఏ మొహం పెట్టుకుని ఆమెకు ఫోన్ చేయాలి?

పైన బూట్ల చప్పుడైంది. టార్చిలైటు మెట్ల మీద పడింది.

"పోలీసు! కిందెవరు?"

"నేను... అర్మాండ్‌ని."

"అర్మాండ్ పెల్టియేనా? పక్కింటాయన?"

"ఆ, ఆ దరిద్రుణ్ని నేనే. లూసిల్ పంపిందా?"

"ఆవిడే ఫోన్ చేశారు. పోస్టు పంచే ఆవిడ ఎర్రదీపం చూసి చెప్పిందట."

"పంపక ఏం చేస్తుందిలే! రాసుకో బాబూ. ఫిల్టరు మారుస్తానని మార్చలేదు. మెకానిక్కుని రానివ్వలేదు. రోజూ చూస్తానని చెప్పి చేపలకు పోయాను. ఫోను కూడా ఇంట్లోనే పడేసి పోయాను. ఆవిడ ఇల్లు నేనే పాడుచేశాను. ఏ కేసు పెడతావో పెట్టుకో, నేను కాదనను."

పోలీసు టార్చి దించి, పెద్దగా ఊపిరి వదిలాడు.

"కేసేంటి పెద్దాయనా! ముందు మీ ఇంటికే వెళ్లాను. తలుపు కొట్టి కొట్టి చేతులు వాచాయి. కిటికీ పగలగొట్టబోతూ ఈ ట్రక్కు చూసి ఇటొచ్చాను."

"మా ఇంటికెందుకు? పాడైంది ఈ ఇల్లు కదా!"

"ఇంటి ఊసే ఎత్తలేదండీ ఆవిడ. ఫోన్లో ఒకటే ఏడుపు."

"ఏమని?"

"'నా ఇల్లు ఎటుపోతే పోనీ, ముందు ఆయన్ని చూడండి బాబూ... అర్మాండ్ ప్రాణాలతో ఉంటే నా ఇల్లు చల్లారనివ్వడు' అని."