మీటరు ముల్లు

“ముల్లు మళ్లీ పక్కకి పోతోందయ్యా. ఇంజనుకి గాలి చాలట్లేదు, పెట్రోలు ఎక్కువ తాగేస్తోంది,” అన్నాడు శివశంకర్, కారులో తను ముచ్చటపడి బిగించుకున్న మీటరు చూపిస్తూ.

మెకానిక్ సత్తిరాజు కిటికీలోంచి వంగి చూశాడు. “ఎప్పట్నించండీ?”

“మొన్న సాయంత్రం ముక్తేశ్వరం దాటేక మొదలైంది. వంతెన ఎక్కేటప్పుడు ఆయాసపడుతోంది. ఏసీ వేస్తే మరీనూ.”

“ఆయ్! భలే కనిపెట్టేరండీ. ఇంకా ఆలస్యమైతే ఇంజను పాడైపోయేదండీ.”

శివశంకర్ గర్వంగా పక్క సీటు వైపు తిరిగాడు. ఆస్పత్రి నుంచి తిరిగొస్తున్న భార్య రత్నమాల, సీటుకి తల ఆనించి ఎగఊపిరి తీస్తోంది.

“విన్నావా?”

“విన్నానండీ. ఇందాక డాక్టరుగారు నా ఆయాసం ఎప్పట్నించని అడిగితే, మీరు నా మొహంకేసి చూసేరు.”