ఆఖరి జంట

అల్లుడు మత్తులోంచి లేవలేదు.

బల్ల మీద వెల్లకిలా పడి ఉంది పాము. డాక్టరమ్మ రెండు వేళ్ళతో గుండె ఉన్న చోట నొక్కుతూనే ఉంది. గొంతులోకి దించిన సన్నటి గొట్టంలోంచి గాలి పంపుతూనే ఉంది. ఒళ్ళు కాస్త ఉబ్బుతోంది, తగ్గుతోంది. అదంతా గొట్టం పనే. పాము చేస్తున్నదేమీ లేదు.

“ఇంకొంచెం చూడండమ్మా,” అన్నాడు కీపరు.

చూసింది. చాలాసేపే చూసింది. చివరికి గొట్టం తీసేసి, చేతి తొడుగులు విప్పుకుంటూ, అతని మొహంలోకి చూడకుండా అంది.

“వయసు మళ్ళింది కదా. తట్టుకోలేకపోయింది.”

“మరి... దొరికిందా?”

“లేదు. చుక్క కూడా.”

అల్లుడంటే మగ బోవా. కొండచిలువలాగే చుట్టేసి ఊపిరి తీసే పాము. విషం ఉండదు. కొండచిలువ గుడ్లు పెడితే, ఇవి ఎక్కువగా పిల్లల్నే కంటాయి. బోవాల్లో మనిషి నడుమంత లావువీ ఉన్నాయి, ఇసుకలో దూరి బతికే జానెడువీ ఉన్నాయి. ఇది మూరన్నర ఉంటుంది. నడిసముద్రంలో ఒక చిన్న దీవి దాని పుట్టిల్లు. ఓడల్లోంచి దిగిన ఎలుకలు ఆ దీవిలో పాముపిల్లల్ని బతకనివ్వలేదు. వెతగ్గా వెతగ్గా రెండంటే రెండు పాములు మిగిలాయి. ఒకటి రాళ్ళ కింద దొరికింది, ఇంకొకటి చెట్టు మీద. అదే గోధుమరంగు, అవే మచ్చలు. అదృష్టం కొద్దీ ఒకటి మగది, ఒకటి ఆడది. రెంటినీ జూకి తెచ్చి ఈ కీపరు చేతిలో పెట్టారు.

ఆడదాన్ని పెద్దమ్మాయి అన్నాడతను. ఇంక మగది అల్లుడు కాక ఏమవుతుంది?

కాపురం మాత్రం కుదర్లేదు. గది వెచ్చబరిచాడు, చల్లబరిచాడు. వాన పడ్డట్టు నీళ్ళు చిలకరించాడు. దీపాలు తగ్గించి, చెప్పులు విప్పి నడిచాడు. అయినా అల్లుడు మట్టిలోంచి పైకి రాడు, పెద్దమ్మాయి కొమ్మ దిగదు. అతనే పట్టుకొచ్చి పక్కపక్కన వదిలితే, మొహమాటం చుట్టాల్లాగా చెరో మూలకీ సర్దుకునేవి.

“అల్లుడి అలక ఇంకా తీరలేదా?” అని అక్క అన్నం తినేటప్పుడు అడిగేది.

అక్కది మ్యూజియంలో ఉద్యోగం. ఏ పాము ఏ కుటుంబానికి చెందుతుందో తేల్చడమే ఆవిడ పని. “ఈ వారం ఇసుక బోవాల చేత వేరు కాపురం పెట్టించాం,” అనేది నవ్వుతూ.

“వాటికి చెప్పారా మరి?” అనేవాడు తమ్ముడు.

ఏళ్ళు గడిచాయి. అల్లుడు ముసలాడయ్యాడు. తిండి తగ్గించేశాడు. డైరెక్టరు అందర్నీ పిలిచి, ఇంక ఆగలేం అన్నాడు. మత్తిచ్చి మగదాని వీర్యం తీసి ఆడదానిలోకి ఎక్కిద్దామన్నాడు.

“మత్తు ఎక్కువైతేనో?” అన్నాడు కీపరు.

“ఊరికే చచ్చిపోతే మాత్రం ఏం ఒరుగుతుంది? జాతే పోతుంది.”

ఇవాళ పొద్దున తనే దాన్ని మట్టిలోంచి తీశాడు. ఎప్పట్లాగే వెచ్చదనం కోసం మణికట్టుకి చుట్టుకుంది. డాక్టరమ్మ గది దాకా అలాగే తీసుకెళ్ళాడు. బల్ల మీద పెట్టడానికి దాన్ని విడదియ్యాల్సి వచ్చింది.

చనిపోయిన పాము మ్యూజియానికి వెళ్ళాలి. అక్కే పెట్టె పట్టుకుని వచ్చింది. “నేను చూసుకుంటాలే,” అని మాత్రం అంది.

ఆ తర్వాత అతనికి ఏం చెయ్యాలో తోచలేదు. అల్లుడి మట్టితొట్టి కడగాలి. మట్టి పారబోద్దామని ఎత్తి, మళ్ళీ కింద పెట్టేశాడు. నీళ్ళు మార్చాడు. మార్చిన నీళ్ళే మళ్ళీ మార్చాడు. పత్రికలవాళ్ళు ఫోన్లు చేస్తుంటే డైరెక్టరు గదిలోంచి ఏవో సంజాయిషీలు వినబడుతున్నాయి.

సాయంత్రం అక్క వచ్చింది. మ్యూజియం కోటు కూడా విప్పలేదు. స్పిరిట్ వాసన. బకెట్ బోర్లించి తమ్ముడి పక్కన కూర్చుంది.

“పని అయిందా?”

“అయింది. పెద్దమ్మాయి ఎక్స్‌రేలు పక్కన పెట్టుకుని, అల్లుడి తల ఎముకలతో సహా అన్నీ చూశాను.”

“బాధపడిందంటావా?”

“లేదురా. నిద్రలోనే పోయింది.”

ఇద్దరూ పాముల గది అద్దంలోంచి లోపలికి చూశారు. పెద్దమ్మాయి కొమ్మకి చుట్టుకుని, నాలుక బయటికీ లోపలికీ ఆడిస్తోంది.

“నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది.”

“నువ్వు వద్దంటే ఆగేవాళ్ళా?”

“ఆగరు. కానీ తీసుకెళ్ళింది నా చేతులే కదా.”

అక్క కోటు గుండీ పెట్టుకుంది, తీసింది. లేచి తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

“పొద్దుట్నుంచీ ఆ మట్టితొట్టి వైపే చూస్తోందక్కా. దానికి తెలిసిపోయింది.” అతను అద్దం మీద చెయ్యి ఆనించాడు. “ఇంత లోకంలో దీనికి ఉన్న తోడు అదొక్కటే. ఇవాళ దీన్ని ఒంటరిదాన్ని చేసేశాను.”

అక్క అతని చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

“ఒంటరిదాన్ని చేసింది నువ్వు కాదురా,” అంది, “అవి రెండూ అసలు ఒక జాతే కాదు.”