ఖాళీ చేసిన ఇంట్లో

అద్దెకున్నవాళ్ళు తళతళలాడేలా కడిగి వెళ్ళిన వాటాని ఇంటి ఓనరు పైడిరాజే దొంగచాటుగా పాడుచేసి, శుభ్రం చేయించిన ఖర్చంటూ అడ్వాన్సులో పన్నెండు వేలు కోసేస్తున్నాడని, ఇప్పుడు ఆ వాటా ఖాళీ చేస్తున్న రోజలిన్‌కి గట్టి అనుమానం. అంతకుముందు అక్కడున్న మూడు కుటుంబాలూ అదే మాట చెప్పాయి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఆయనకి ‘బురద పైడిరాజు’ అని పేరు కూడా పడిపోయింది.

రోజలిన్ అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పనిచేస్తుంది. కంపెనీకి దగ్గర్లో కొత్త ఇల్లు చూసుకుంది. ఆ ఇంటివాళ్ళకి కట్టాల్సింది ఇక్కడ తిరిగొచ్చే ఈ అడ్వాన్సే. అందుకే రెండు రోజులు సెలవు పెట్టి గోడలు తుడిచి, గచ్చు రుద్ది, ఉదయం తాళంచెవి పైడిరాజు చేతికిచ్చింది.

“రేపు సూసి డబ్బులిత్తానమ్మా,” అన్నాడు పైడిరాజు. “మరకలుంటే మాత్రం ఎప్పట్లాగే ఆ సుప్రియకి తాళంచెవిచ్చి కడిగించాలి మరి.”

ఎదురు సందులో ఇళ్ళు కడిగే వ్యాపారం పెట్టిన సుప్రియ, సామాన్ల వ్యాన్ చూడగానే పరుగున వచ్చి రోజలిన్‌కి కార్డు కూడా ఇచ్చింది.

రోజలిన్ వెళ్ళినట్టే వెళ్ళి, మధ్యాహ్నం పెరటిగోడ దూకింది. తను గడియ పెట్టకుండా వదిలిన వెనక తలుపులోంచి దూరి, ఫోన్లో కెమెరా తెరిచి, చీకటి బాత్రూంలో నక్కింది.

వెనక మూలలోంచి ఎవరో తుమ్మారు.

“అమ్మో!”

“అరవకమ్మా, నేనే!” బోర్లించిన బకెట్ మీద గొడుగు కర్రలా పట్టుకుని కూర్చున్నాడు పైడిరాజు.

“దొరికిపోయేరు బాబాయిగారూ! ఇల్లు పాడుసేద్దామనే కదా వచ్చేరు?”

“నా ఇల్లు నేనెందుకు పాడుసేసుకుంటాను? పోయినసారోళ్ళు వీడియో తీసి మరీ సూపించేరు, ఎల్లినప్పుడు శుభ్రంగానే ఉంది. మరి మర్నాటికి బురదెలా వచ్చింది? దొంగతాళంతో మీరే తిరిగొచ్చి, నా మీద కోపంతో పూసి పోతన్నారని కదా, బువ్వ కూడా తినకుండా ఇక్కడ కూకున్నాను!”

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒక్కసారే నవ్వు తన్నుకొచ్చింది. ఆమె చున్నీ నోట్లో కుక్కుకుంది. ఆయన తువ్వాలు కుక్కుకున్నాడు.

“అయితే వాళ్ళ డబ్బులు మీరు తినలేదా?”

“ఒట్టమ్మా, కడిగించడానికే సరిపోయేయి!”

అంతలో వీధి తలుపు తాళం తిరిగింది. ఇద్దరూ బాత్రూం తలుపు సందులోంచి తొంగిచూశారు.

లోపలికొచ్చిన ఆడమనిషి వీపు మాత్రమే కనిపించింది. ఒక చేతిలో బురద బకెట్, మరో చేతిలో పాత ఇంజనాయిల్ డబ్బా. కూనిరాగం తీస్తూ, అట్టు పోసినట్టు గోడ మీద బురద గుండ్రంగా తిప్పింది. వెనక్కి జరిగి, తల వాల్చి చూసుకుని, చాల్లేదనుకుందేమో, మరో రెండు గుప్పెళ్ళు వేసింది. తర్వాత ఫోన్ చెవికి ఆనించుకుని ఇటు తిరిగింది.

“రేపు పదింటికి ఇంకే ఇల్లూ ఒప్పుకోకు,” అంది సుప్రియ హుషారుగా. “పైడిరాజుగారింట్లో కడుగుడు పనుంది. ఆయనకింకా తెలీదు!”