వేడిని చూపే దుర్భిణి

నా కోతలు నమ్మనివాళ్ళు దీన్నీ నమ్మక్కర్లేదు. గొర్రెలు ఈనే రోజుల్లో నక్కల వేట కోసం నేనూ, మా బావ క్లారీ రెండు రాత్రి దుర్భిణులు అరువు తెచ్చాం, ఏది కొనాలో తేల్చుకుందామని. ఒకటి చుక్కల వెలుగులో అన్నింటినీ పచ్చగా చూపిస్తుంది. రెండోది ఒంటి వేడిని తెల్లగా చూపిస్తుంది.

పేల్చేముందు మనవాళ్ళను లెక్కపెట్టుకోవడం మా ఆనవాయితీ. వేడి దుర్భిణిలో గొర్రెలు, కంచె పక్కన కంగారూ, మా కుక్క తెల్లగా కనిపించాయి. గేటు దగ్గర నిలబడ్డ బావ మాత్రం అందులో లేడు.

"ఏమోయ్ ముసలి గుడ్లగూబా, నిద్రపోయావా?" అన్నాడు, ఆ గేటు దగ్గర నుంచే.

పచ్చదానిలో చూశాను. టోపీ సర్దుకుంటూ నవ్వుతున్నాడు.

"ఇంతకీ ఏది కొందాం?" అన్నాడు.

నాకు భయం కూడా వేయలేదు. నలభై ఏళ్ళుగా వేటలో నాకు తోడు అతనొక్కడే. వేడిదాన్ని పెట్టెలో పెట్టి మూత బిగించాను.

"పచ్చదే చాలు బావా."