చిన్నమ్మి పంపిన కీ

మునిశేఖర్ తన తండ్రి ధనంజయ ఫోన్ లాక్కుని, కాల్స్, వాట్సాప్ అన్నీ గాలించి మంచం మీదికి విసిరికొట్టాడు. మెయిల్ జోలికి మాత్రం పోలేదు.

"అది యాడుండాదో నీకు తెలుసు నాయనా. సెప్పకపోతే పో. ఈ వారంలో నేనే కనుక్కుంటా. ఇద్దర్నీ నడిరోడ్డు మీద నరకతా."

ధనంజయ పళ్లు కొరుక్కున్నాడు. కూతురు లోహిత వేరే కులం వాణ్ణి చేసుకుని నాలుగు నెలలైంది. అప్పట్నుంచి ఇంట్లో రోజూ ఇదే భాగోతం. చెల్లెలికి ఏనాడూ ఒక పుస్తకం కొనివ్వని అన్నకు ఇప్పుడు పరువు గుర్తొచ్చింది.

కొడుకు బండి వీధి మలుపు తిరగ్గానే ఆయన ఫోన్ అందుకున్నాడు. మొన్న ఒక కొత్త మెయిల్ అడ్రసు నుంచి పబ్లిక్ కీ అనే ఫైలొకటి వచ్చింది. అన్న నీ ఫోన్ చూస్తాడు నాయనా, ఇకమీదట దీంతో తాళం వేసి రాయి అని, కింద చిన్నమ్మి అని ఉంది.

భార్య వసంతమ్మకు నమ్మకం కుదరలేదు. ముందు పిల్లతో మాట్లాడమంది. నంబరు మార్చేసినదాంతో ఎట్లా మాట్లాడేదని ఆయన కసిరాడు.

"చిన్నమ్మి అని మనింట్లో తప్ప యాడా పిలవరు గదమే. ఇంకెవురు రాస్తారు?"

ఆయన కీని ఫోన్‌లోకి దించుకున్నాడు. దాన్ని భద్రంగా దాచే చోట పెట్టమంటారా అని ఫోన్ అడిగితే వేలిముద్ర వేశాడు.

"దీంతో తాళం వెయ్యొచ్చు గానీ తియ్యలేం. నేను రాసింది మళ్లీ నేనే సదవలేను. తీసే కీ పంపినోళ్ల కాడే ఉంటాది. ఇంక ఆ ఎదవ ఈ ఫోన్ పగలగొట్టుకున్నా ఏం దొరకదు."

సూళ్లూరుపేటలో స్టేషన్ వెనక ఉన్న ఇల్లు వెంటనే ఖాళీ చెయ్యండి, మీ అన్న కత్తి పట్టుకుని తిరుగుతున్నాడు, శనివారంలోపు లోకల్ రైలెక్కి చెన్నై పోండి అని రాశాడు. తాళం వేసి పంపేశాడు. నాలుగు నెలల్లో మొదటిసారి కొడుకు మీద గెలిచినట్టనిపించి, భార్యను అన్నం పెట్టమన్నాడు.

కార్వేటినగరం బస్టాండు పక్కన బండి ఆపి, మునిశేఖర్ తన ఫోన్‌లోని కీతో ఆ ఉత్తరం తాళం తీశాడు.