షిఫ్రా అని రాయండి

సంచిలో పసిబట్టలు, ఫ్లాస్కు, మందుల చీటీ సర్దడం అయిపోయింది. పేరొక్కటే మిగిలింది.

"పేరు లేకుండా ఈ గడప దాటేది లేదు," అంది అత్తగారు.

కోడలికి ఇంతకుముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు ఈ ఆసుపత్రిలోనే పోయారు. కాగితాల మీద ఇద్దరూ 'ఆడశిశువు' గానే మిగిలిపోయారు.

"ఏ పేరు చెప్పినా వద్దంటున్నది మీరే కదా అత్తయ్యా!"

"ఒకటి మరీ నాజూగ్గా ఉంది. ఇంకోటి పోయినావిడది. నా భయం నాది."

నేల తుడుస్తున్న ఆయమ్మ గుడ్డ పిండుతూ తలెత్తింది.

"షిఫ్రా అని పెట్టండి పెద్దమ్మగారూ."

"పేరా అది? తలనొప్పి మాత్రలా ఉంది!"

"బైబిల్లో పేరమ్మా. హెబ్రీ మాట. చక్కదనం అని అర్థం. ఆవిడ మంత్రసాని."

"మంత్రసానా!"

"హెబ్రీ వాళ్ళకు మగబిడ్డ పుడితే కాన్పు పీట మీదే చంపేయమన్నాడు ఈజిప్టు రాజు. ఆవిడా, ఆవిడ తోటి మంత్రసాని పూయా చంపలేదు. రాజు నిలదీస్తే, 'మేం వెళ్ళేలోపే కనేస్తున్నారయ్యా' అనేశారు."

అత్తగారికి నవ్వాగలేదు. "గడుసుదే! ఇంతకీ ఆ రాజు పేరేంటి?"

"ఫరో అంటారు, అది రాజులందరికీ ఉన్న బిరుదే. అసలు పేరు రాయలేదు. మంత్రసానుల పేర్లు మాత్రం రాశారు."

అత్తగారు ఆ పేరును ఒకసారి మెల్లగా పలికి చూసింది.

"పాపను ఒక్కసారి ఎత్తుకోనా?" ఆయమ్మ అడిగింది.

"ఆ తడి చేతులతోనా? తర్వాత చూద్దాంలే."

ఆయమ్మ నవ్వి, బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

అత్తగారు పాపను ఎత్తుకుని గుమస్తా బల్ల దగ్గరికి నడిచింది.

"షిఫ్రా అని రాయండి. మళ్ళీ కొట్టేయకుండా రాయండి."

పక్కనే ఉన్న నర్సు ఆ పేరు విని నవ్వింది. "ఆయమ్మ చెప్పిందా? ఆ సంగతీ చెప్పిందా?"

"ఏ సంగతి?"

"పుట్టగానే పాప ఏడవలేదమ్మా, ఊపిరే లేదు. తల్లికి ప్రాణం మీదికొస్తే మేమంతా అటే ఉన్నాం. మీరు హడలిపోతారు, చెప్పొద్దంది ఆయమ్మే."

"మరి పాపను చూసిందెవరు?"

నర్సు వరండా వైపు చూసింది. వరండా ఖాళీగా ఉంది.

ఇప్పుడు ఆ ఇంట్లో రోజుకు నూరుసార్లు ఆ పేరు వినబడుతుంది, సగంసార్లు తిట్లతోనే.

నోటితో ఊపిరి ఊది ఆ పిల్లను బతికించిన ఆయమ్మ మాత్రం అదే రోజు, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఉద్యోగం విరమించి వెళ్ళింది, మళ్ళీ రాలేదు.